అమ్మాయిని ఎక్స్‌రే కంపెనీకి పంపవచ్చునా?

ఈ వారం ఉత్తరాల కట్టలో తెనాలి నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఉంది. ఆరు పేజీలు. మొదటి రెండు పేజీలూ పెద్దమ్మాయి అత్తవారి సంగతులు కనుక వాటిని ఇక్కడ వదిలేస్తాను. అసలు విషయం మూడో పేజీలో మొదలయింది.

ఆవిడ రెండో అమ్మాయి ఎలక్ట్రానిక్సులో ఇంజనీరింగు పూర్తి చేసింది. వయస్సు 22. రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. ఒకటి హైదరాబాదులో, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే కంపెనీ. జీతం బాగుంది, మేనమామ ఇల్లు దగ్గరే. రెండోది బెంగుళూరులో, ఎక్స్‌రే బొమ్మలు పట్టే పరికరాలు తయారుచేసే కంపెనీ. జీతం తక్కువ, హాస్టల్లో ఉండాలి. పిల్ల రెండోదానికే వెళతానంటోంది.

“ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళితే ఆ గదిలోంచి అందరినీ బయటకు పొమ్మంటారు గదండీ! తీసేవాడు కూడా గోడ చాటుకు వెళ్ళి మీట నొక్కుతాడు. అలాంటి యంత్రాల మధ్య ఆడపిల్ల రోజుకు ఎనిమిది గంటలు ఎలా ఉంటుంది? కిందటేడు మా మామగారు జారిపడి తుంటి విరిగినప్పుడు ఆ గది చూశారు. అప్పటినుంచీ ఆయనకు మరీ భయం. వద్దే వద్దంటున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి తెలిస్తే ఎవరైనా ముందుకు వస్తారా? పెళ్ళయ్యాక పిల్లలకు ఏదైనా తేడా వస్తే ఆ పాపం ఎవరిది? పంపమంటారా, మాన్పించమంటారా? ఒక్క మాటలో చెప్పండి” అని అడిగారావిడ.

కవరులోనే మడతపెట్టిన చిన్న చీటీ ఒకటి, వేరే దస్తూరీతో. “ఉత్తరం పోస్టులో వేయమని అమ్మ నాకే ఇచ్చింది. చదివాను, క్షమించండి. అమ్మది ఉత్త భయమని మాత్రం వ్రాయకండి. అందులో నిజమెంతో నాకూ తెలియదు. అది చెప్పండి, చాలు.”

ఈ చీటీ వ్రాసిన పిల్ల నాకు నచ్చింది. అమ్మా, మీరేమో ఒక్క మాటలో చెప్పమన్నారు. చెప్పగలను గాని, ఒక్క మాట తీసికొనిపోయి మీ మామగారి ముందు పెడితే ఆయన ఒప్పుకుంటారా? అందుకని కొంచెం ఓపిక పట్టండి.

మొట్టమొదట మీ పక్షానే మాట్లాడతాను. మీ భయానికి గట్టి కారణమే ఉంది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో వూర్జ్‌బర్గ్ అనే ఊళ్ళో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు ఈ కిరణాలను కనిపెట్టాడు. నల్లని అట్టతో కప్పిన గాజు గొట్టంలో విద్యుత్తు పంపుతూ ఉంటే, దూరాన ఉన్న రసాయనం పూసిన తెర తళుక్కుమన్నది. అదేమిటో తెలియక ‘ఎక్స్’ అని పేరు పెట్టాడు. లెక్కల్లో తెలియనిదాన్ని ‘ఎక్స్’ అనుకుంటాం చూడండి, అలాగ. డిసెంబరు 22న భార్య చేతిని ఆ కిరణాల దారిలో పెట్టించి బొమ్మ తీశాడు. ఎముకలూ, వేలికున్న ఉంగరమూ మాత్రం కనిపించాయి. ఆ ఒక్క బొమ్మకు ఆవిడ పావుగంట సేపు చెయ్యి కదపకుండా కూర్చోవలసి వచ్చిందంటారు. ఈ పావుగంటను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

వార్త నెల తిరగకుండా ప్రపంచమంతా పాకింది. అమెరికాలో ఎడిసన్ తన కర్మాగారంలో పనివాళ్ళను దీనిమీద కూర్చోబెట్టాడు. వారిలో క్లారెన్స్ డాలీ అనే గాజు పనివాడు ఉన్నాడు. ముప్పై దాటి ఒకటి రెండేళ్ళు. ఎక్స్‌రే గొట్టాలు ఊదడం, అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం అతని పని. అంటే అమ్మా, మీ అమ్మాయి ఇప్పుడు చేరబోయే పని వంటిదే. ఎక్స్‌రే పరికరాలు కట్టే తొలితరం కుర్రవాళ్ళలో అతనొకడు.

గొట్టం బాగుందో లేదో ఎలా తెలుసుకునేవారు? కొలిచే సాధనం ఏదీ లేదు. సొంత చెయ్యి గొట్టానికీ తెరకూ మధ్య పెట్టి, ఎముకలు స్పష్టంగా కనిపిస్తే గొట్టం మంచిది, మసకగా కనిపిస్తే కాదు. రోజుకు ఎన్ని గొట్టాలు పరీక్షిస్తే అన్నిసార్లు చెయ్యి పెట్టాలి. మన వంటింట్లో పెనం కాలిందో లేదో చేత్తో చూసుకున్నట్టు! పెనమైతే చురుక్కుమనిపిస్తుంది, చెయ్యి వెనక్కు లాక్కుంటాం. ఈ కిరణం ఆ సమయానికి ఏమీ అనిపించదు. అందులోనే ఉంది మోసమంతా. కొన్నాళ్ళకు డాలీ చేతులు ఎర్రబడి, పుండ్లు పడ్డాయి. ఎడమ చెయ్యి పాడయితే కుడి చెయ్యి పెట్టాడు. తర్వాత క్యాన్సరు వచ్చింది. రెండు చేతులూ తీసివేశారు. 1904లో, 39వ ఏట చనిపోయాడు. ఎడిసన్ అంతటివాడు భయపడి, ఎక్స్‌రే పనినే మానుకున్నాడు.

డాలీ ఒక్కడే కాదు. ఈ కిరణాలవల్లా రేడియంవల్లా ప్రాణాలు పోగొట్టుకున్న వైద్యుల, ఇంజనీర్ల, నర్సుల పేర్లతో జర్మనీలోని హాంబర్గులో 1936లో ఒక స్మారక శిల నిలబెట్టారు. మొదట చెక్కిన పేర్లు 169. మొదటి ప్రపంచ యుద్ధంలో మేడమ్ క్యూరీ ఎక్స్‌రే యంత్రాలను మోటారు బండ్లలో పెట్టి యుద్ధరంగానికి పంపింది. కూతురు ఐరీన్ పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయస్సులోనే ఆ యంత్రాల దగ్గర పనిచేసింది. ఆడపిల్లలకు ఈ పని కొత్త అని మీ మామగారంటే ఈ సంగతి చెప్పండి గాని, పూర్తిగా చెప్పండి. ఆ తల్లి 1934లో రక్తం తయారు కాని జబ్బుతో పోయింది. అప్పట్లో కాపుదల అనేది ఎవరికీ సరిగా తెలియదు. అమెరికాలో, ఇంగ్లండులో చెప్పుల దుకాణాలలో కూడా ఎక్స్‌రే పెట్టెలు పెట్టి, కొత్త బూటులో పిల్లవాడి కాలివేళ్ళ ఎముకలు ఎలా ఉన్నాయో తల్లులకు చూపించేవారంటే నమ్ముతారా? 1950ల దాకా సాగిందీ ముచ్చట.

కనుక మీ మామగారిది చాదస్తమని నేననను. ఆయన మాట ఆ రోజుల్లో ఎవరైనా డాలీ చెవిన వేసి ఉంటే బాగుండేది.

ఇక రెండో పక్షం.

మీరూ నేనూ కలిపేసుకునే రెండు విషయాలను ముందు విడదీయాలి. రేడియం వంటి పదార్థాలు ఉన్నాయి. అవి పగలూ రాత్రీ కిరణాలు వదులుతూనే ఉంటాయి, ఆపమంటే ఆగవు. ఎక్స్‌రే యంత్రం అలాంటిది కాదు. అది విద్యుద్దీపం వంటిది. గాలి తీసేసిన గొట్టంలో ఒక తీగ వేడెక్కి ఎలక్ట్రానులను వదులుతుంది. వేల వోల్టుల ఒత్తిడితో అవి పరుగెత్తి టంగ్‌స్టన్ లోహపు బిళ్ళకు ఢీకొంటాయి. ఆ తాకిడికి పుట్టేదే ఎక్స్‌రే. నిజానికి ఆ శక్తిలో నూటికి ఒక పాలు కూడా ఎక్స్‌రే కాదు, మిగతాదంతా వేడే. స్విచ్చి తీశారా, కిరణం ఆ క్షణాన్నే లేదు. గోడలకు పట్టదు, చీరకు అంటదు, పిల్ల సాయంత్రం హాస్టలుకు మోసుకుపోదు, దీపావళికి తెనాలి తీసికొనిరాదు. రోజుకు ఎనిమిది గంటలు యంత్రం పక్కన కూర్చున్నా, స్విచ్చి వేయని యంత్రం పక్కన కూర్చోవడం ఆరిపోయిన దీపం పక్కన కూర్చోవడమే.

మరి స్విచ్చి వేసినప్పుడో? అందుకే మీరు వ్రాసిన ఆ గోడ చాటు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే మనిషి బయటకు వెళ్ళేది కిరణం మహా భయంకరమైనదని కాదు. రోగికి అది ఏడాదికో సారి. అతనికి రోజుకు నూరుసార్లు. పులుసులో ఉప్పు చిటికెడే గదా అని నూరు చిటికెలు వేయం గదా!

ఇప్పుడు ఆ పిల్ల చేయబోయే పని సంగతి. మా తోడికోడలి కొడుకు ఒకడు ఈ రంగంలోనే ఉన్నాడు. కిందటేడు బెంగుళూరు వెళ్ళినప్పుడు “రా దొడ్డమ్మా, నా కొలువు చూద్దువుగాని” అని తీసికొని వెళ్ళాడు. ఎక్స్‌రే కంపెనీ అంటే ఎక్కడ చూసినా నీలి మెరుపులు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పొడుగాటి బల్లలు, తీగలు, కంప్యూటర్లు, టంకం వేసే వాసన. మూలగా ఒక్క గది మాత్రం సీసపు రేకు తాపడం చేసిన తలుపుతో ఉంది. కిరణం పుట్టేది ఆ గదిలోనే. తలుపు మూస్తేగాని యంత్రం పలకదు. మధ్యలో ఎవరైనా తలుపు తెరిస్తే తనంతట తానే ఆగిపోతుంది. పైన ఎర్ర దీపం. మీట గది బయట.

“ఈ గదిలో నీకెంత సేపు పని?” అని అడిగాను.

“లోపల సామాను సర్దడానికే, యంత్రం ఆగి ఉన్నప్పుడు. చేరిన మొదటి అయిదు నెలలూ అదీ లేదు. నా పని చీకటిని ఫోటోలు తీయడం” అన్నాడు.

నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. కాదట.

వాళ్ళు తయారుచేసేది కిరణం పుట్టించే గొట్టం కాదు, కిరణాన్ని పట్టి బొమ్మగా మార్చే పలక. దానిని డిటెక్టరు అంటారు. పూర్వం ఈ చోట ఫిలిము ఉండేది. ఇప్పుడు పెద్ద చపాతీల పీటంత పలక, ప్రక్కకు 43 సెంటీమీటర్లు. పైన సీసియం అయొడైడ్ అనే లవణం సన్నటి సూదుల మాదిరిగా ఒత్తుగా పేర్చి ఉంటుంది. ఎక్స్‌రే తగిలితే ఆ సూదులలో పచ్చని వెలుగు పుడుతుంది. సూదులు కనుక ఆ వెలుగు పక్కకు చిందకుండా తిన్నగా కిందకు దిగుతుంది. కింద గాజు మీద అతి చిన్న గళ్ళు, ఒక్కొక్కటి 0.14 మిల్లీమీటరు. అలాంటివి మొత్తం సుమారు 90 లక్షలు. ఒక్కొక్క గడీ తనకు అందిన వెలుగెంతో విద్యుత్తు రూపంలో చెబుతుంది. ముగ్గు చుక్కల మాదిరిగా ఆ లెక్కలన్నీ వరసగా పేరిస్తే బొమ్మ.

ఇక్కడ ఉంది చిక్కు. 90 లక్షల గళ్ళూ ఒకే బుద్ధితో పుట్టవు. వెలుగు లేకపోయినా ఉందని చెప్పే గడి ఒకటి, సగమే చెప్పేది ఇంకొకటి, అసలు నోరు విప్పనిది మరొకటి. నెయ్యి అమ్మేవాడు ఖాళీ గిన్నెను ముందు తూచి, తర్వాత నెయ్యి పోసి తూస్తాడు గదా? అలాగే కిరణం లేకుండా, గాఢాంధకారంలో పలక ఏం చెబుతోందో ముందు బొమ్మ తీసి ఉంచుకుని, అసలు బొమ్మలోంచి దానిని తీసివేస్తారు. అదే చీకటి ఫోటో. వేడికి ఒక రకంగా, చలికి ఒక రకంగా, యంత్రం వేసిన అయిదు నిమిషాలకు ఒక రకంగా, గంటకు ఒక రకంగా ఈ చీకటి మారుతుందట. అన్నీ తీయాలి, అన్నీ వ్రాసి పెట్టాలి. కొత్తగా చేరిన ఇంజనీరుకు ఇచ్చే పని సాధారణంగా ఇదే. తర్వాత ఎదురుగా ఏమీ పెట్టకుండా సమానంగా కిరణం పడనిచ్చి, ఏ గడి ఎక్కువ మాట్లాడుతోందో, ఏది తక్కువో సరిచూస్తారు. బొత్తిగా మాట్లాడని గళ్ళను బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి, వాటి చోట ఇరుగుపొరుగు గళ్ళ సగటును నింపుతారు.

మా వాడికి ఒకసారి చీకటి ఫోటోలో సన్నటి అడ్డగీతలు కనిపించాయి. ఒక పూట ఉంటాయి, ఒక పూట ఉండవు. తీగలు మార్చాడు, సర్క్యూటు పలక మార్చాడు, ప్రోగ్రాము తిరగవ్రాశాడు. మూడు వారాలు నిద్ర లేదు. ఇంటికి ఫోను చేసి “అమ్మా, నేను దీనికి పనికిరాను” అన్నాట్ట. చివరికి తేలిందేమిటంటే, పక్క బల్లమీద ఇంకొకరు వాడుకునే విద్యుత్తు సరఫరా పెట్టె ఒకటి ఉంది, దాని లోపలి ఫ్యాను తిరిగినప్పుడల్లా గీతలు వస్తున్నాయి. అతను భోజనానికి వెళ్ళి పెట్టె ఆపితే గీతలు పోతున్నాయి! “ఆ పెట్టెను రెండు గజాలు అవతలికి జరిపాం దొడ్డమ్మా, అంతే మందు” అన్నాడు. నవ్వాను గాని, వాడి ముఖం చూసి ఆపేశాను. ఆ గీత ఆసుపత్రికి వెళ్ళి ఉంటే? ఎముక మీద పడితే పగులు అనుకోవచ్చు. పగులు మీద పడితే, పగులు కనిపించకపోవచ్చు. మీ మామగారి తుంటిలో బీట ఉందని డాక్టరుగారు తేల్చిన బొమ్మ వెనక కూడా ఎవరో ఒకరు ఇలా చీకటితో కుస్తీ పట్టే ఉంటారు.

ఇప్పుడు ఆ పావుగంట సంగతికి వస్తాను. రాంట్‌జెన్ భార్య చేతికి పట్టిన పావుగంట ఈనాడు ఛాతీ ఎక్స్‌రేకు సెకనులో చిన్న భాగానికి దిగింది. కిరణం బలం పెరగడం ఒక్కటే కాదు దీనికి కారణం. పట్టుకునే పలకకు చూపు పెరిగింది. మొదట్లో ఉత్త ఫోటో పలక. తర్వాత ఫిలిము పక్కన వెలిగే తెర. తర్వాత మెరుగైన తెరలు. ఇప్పుడీ డిటెక్టరు. పలకలో రొద ఎంత తగ్గితే, అంత తక్కువ కిరణంతో అదే బొమ్మ వస్తుంది. నెలలు నిండకుండా పుట్టి గాజు పెట్టెలో ఉంచిన పసికందుకు కూడా ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయవలసి వస్తుంది. ఒక్కొక్కప్పుడు పదేపదే తీయాలి. ఆ శిశువు మీద పడే కిరణం సగానికి తగ్గించగలరా అన్నది ఇలాంటి బల్లల దగ్గర కూర్చున్న వాళ్ళు తేల్చవలసిన లెక్క. అమ్మా, మీ అమ్మాయి కిరణాల మధ్యకు పోతోందని మీరు దిగులు పడుతున్నారు. ఆమె పని కిరణాన్ని తగ్గించడం. డాలీ తన చెయ్యి పెట్టిన చోట ఈ పిల్ల పలకను పెడుతుంది. కిరణం దారిలో చూసేది, కొలిచేది ఇప్పుడా పలకే. మనిషి గోడ అవతల ఉంటాడు.

భయం బొత్తిగా అక్కర్లేదనడం లేదు. అసలు భయపడవలసింది వేరే ఉంది, దాన్ని గురించి మీరు ఆరు పేజీలలో ఒక్క ముక్క వ్రాయలేదు. విద్యుత్తు! మన ఇళ్ళలో 230 వోల్టులు. ఎక్స్‌రే గొట్టానికి 40 వేల నుంచి లక్షా యాభై వేల వోల్టుల దాకా ఇస్తారు. స్విచ్చి తీస్తే కిరణం పోతుంది గాని, లోపల కెపాసిటర్లలో దాచిన విద్యుత్తు కాసేపు అక్కడే కూర్చుని ఉంటుంది. నేల తీగ తగిలించిన కర్రతో ముందు దానిని దింపి, తర్వాతే చెయ్యి పెట్టాలి. మా వాడి స్నేహితుడు ఒకడు, కంపెనీ పేరు వద్దు, సాయంత్రం తొందరలో ఆ కర్ర వాడకుండా చెయ్యి పెట్టి గోడకు వెళ్ళి కొట్టుకున్నాడు. బతికాడు. నెలరోజులు చెయ్యి వణికింది. కనుక అమ్మాయీ, ఇది నీకు: ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువ వోల్టుల పెట్టె మూత తీయనని అమ్మకు మాట ఇవ్వు. ఎంత ఆలస్యమైనా, పై అధికారి ఎంత తొందరపెట్టినా సరే.

చేరేముందు కంపెనీని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. సిగ్గుపడి ఊరుకోవద్దు. మన దేశంలో ఈ వ్యవహారాలన్నీ చూడడానికి 1983లో అణుశక్తి నియంత్రణ మండలిని ఏర్పాటు చేశారు. కిరణాలతో పనిచేసే వారికి రొమ్ము మీద పెట్టుకునే ఒక బిళ్ళ ఇస్తారు, టీ.ఎల్.డీ. బ్యాడ్జి అంటారు. అందులోని కాల్షియం సల్ఫేటు బిళ్ళలను మూడు నెలలకొకసారి ప్రయోగశాలలో వేడి చేస్తారు. అవి ఎంత కిరణం తాగాయో అంత వెలుగు కక్కుతాయి. ఆ లెక్క మనిషి పేరున పుస్తకం కడతారు. ఆ బిళ్ళ పేరుపేరునా ఇస్తారా, లెక్క నాకు చూపిస్తారా, భద్రత చూసే అధికారి ఎవరు, తలుపు మీట పనిచేస్తోందో లేదో ఎన్నాళ్ళకు పరీక్షిస్తారు అని అడుగు. సూటిగా జవాబు చెబితే మంచిదే. “అవన్నీ ఉంటాయిలెండి” అని నవ్వేసే చోటికి వెళ్ళకు. జీతం రెట్టింపు ఇచ్చినా వెళ్ళకు. ఒక్కొక్క చోట పని త్వరగా కావాలని తలుపు మీటకు బద్దె అడ్డుపెట్టేవాళ్ళు ఉంటారట. అది కంటపడిననాడు మాత్రం ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చేయవచ్చు, అమ్మ ఏమీ అనదు.

మామగారికి అంకెలు కావాలేమో. కిరణాలను మిల్లీసీవర్టు అనే కొలతలో చెబుతారు. నేలా, గాలీ, ఆకాశమూ, తిండీ కలిపి ప్రకృతి సహజంగా ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచం సగటున 2.4 వరకు ఇస్తాయి. తెనాలిలో కూర్చున్నా తప్పదు. ఒక ఛాతీ ఎక్స్‌రే 0.1 లోపే. ఈ పని చేసేవారికి విధించిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20. సీసపు గది వెలుపల కూర్చుని పనిచేసే ఇంజనీరు ఆ హద్దు దరిదాపులకు కూడా పోవలసిన పని లేదు. బ్యాడ్జి లెక్కలో అంకె పెరిగిందంటే ఎక్కడో తప్పు జరుగుతోందన్నమాట, వెంటనే వెతకాలి.

ఇక పిల్లల మాట. గర్భంలో ఉన్న శిశువుకు హద్దు వేరు, చాలా కింద పెట్టారు. గర్భమని తెలియగానే తెలియపరిస్తే, అప్పటినుంచి ప్రసవందాకా కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా చూడాలి. చీకటి ఫోటోలు తీసే పనీ, ప్రోగ్రాము పనీ ఉండనే ఉన్నాయి కనుక ఆ నెలలు అలా గడుపుకోవచ్చు. తెలియపరచడానికి మొహమాటపడకూడదు, అంతే. ఆ సమయం రాకముందు తల్లి చేసిన ఉద్యోగం వల్ల, అదీ ఈ హద్దుల్లో చేసిన ఉద్యోగం వల్ల, పుట్టబోయే పిల్లలకు అవకరం వస్తుందనుకోవడానికి ఆధారం లేదు.

సంబంధాల విషయం నాకు కొంచెం కోపం తెప్పించింది. మీ మీద కాదు. చెప్పకుండా దాచాలా అన్న ధ్వని ఉంది మీ ఉత్తరంలో. దాచవద్దు. పెళ్ళిచూపులనాడు ఆ పిల్లవాడు అడిగితే అమ్మాయే చెబుతుంది, సూదులూ గళ్ళూ చీకటీ అన్నీ. వింటాడా, మంచిదే. ఆవలించాడా, ఆ సంగతి పెళ్ళికి ముందే తెలిసింది, ఇంకా మంచిది.

జీతం మాటకొస్తే నేను దాచేది లేదు. ప్రోగ్రాముల ఉద్యోగంలో మొదట్లోనే ఎక్కువ ఇస్తారు, త్వరగా పెంచుతారు. యంత్రాల పనిలో ఏదీ త్వరగా కాదు. ఒక పరికరం తయారై, పరీక్షలన్నీ దాటి ఆసుపత్రి గడప తొక్కేసరికి ఏళ్ళు పడుతుంది. ఈ లోపల హైదరాబాదులో చేరిన స్నేహితురాలు కారు కొంటుంది. అది చూసి పిల్ల మనసు చివుక్కుమంటుందా? అనవచ్చు. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అలా మనసు మార్చుకుని వెళ్ళిపోయారు కూడా. అది నేరం కాదు.

కాని నిదానం అంటే ఎలా ఉంటుందో ఒక్క సంగతి చెబుతాను. హౌన్స్‌ఫీల్డ్ అని ఇంగ్లండులో ఒక ఇంజనీరు. యూనివర్సిటీ పట్టా లేదు, డిప్లొమా చదువు. యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడారు పని నేర్చాడు. 1951లో ఇ.ఎమ్.ఐ. అనే గ్రామఫోను రికార్డుల కంపెనీలో చేరాడు. తలలో కణితి ఎక్కడ ఉందో తలుపు తీయకుండా పెట్టెలో సామాను లెక్కపెట్టినట్టు చూడవచ్చునని 1967 ప్రాంతంలో అతనికి తోచింది. పాత లేతు మిషను పీఠం మీద మొదటి పరికరం కట్టాడు. దానితో ఒక్క బొమ్మకు కావలసిన 28,000 కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులు! ఆ కొలతలను బొమ్మగా మార్చడానికి కంప్యూటరుకు ఇంకో రెండున్నర గంటలు. తర్వాత ఎక్స్‌రే గొట్టం పెట్టి తొమ్మిది గంటలకు దించాడు. ఎద్దు మెదడు తెచ్చి పరీక్షలు చేశాడు. 1971 అక్టోబరు 1న లండనులో వింబుల్డన్ దగ్గర ఒక ఆసుపత్రిలో మొదటిసారి ఒక స్త్రీ తలను తీశారు. మెదడులో కణితి స్పష్టంగా కనిపించింది. ఈనాడు మన జిల్లా కేంద్రాలలో కూడా ‘సి.టి. స్కాన్’ అని బోర్డులు కనిపిస్తున్నాయే, దాని పుట్టుక అది. 1979లో నోబెల్ బహుమానం ఇచ్చారు. మీ అమ్మాయికి నోబెల్ వస్తుందని ఆశపెట్టడానికి కాదు ఇది చెప్పడం. ఆ తొమ్మిది రోజుల పక్కన కూర్చోగలిగిన ఓపిక ఉన్నవాళ్ళకే ఈ పని పడుతుంది. తనకు తెలియనిది తెలియదని చీటీ మీద వ్రాసిన పిల్లకు ఆ ఓపిక ఉంటుందని నాకనిపిస్తోంది. పంపండి.

ఒక పని చేయండి. చేర్చడానికి మీరో, వాళ్ళ నాన్నగారో వెంట వెళతారు గదా, కంపెనీవారిని ముందే అడిగి మామగారిని కూడా తీసికొని వెళ్ళండి. కర్ర పట్టుకుని నడవగలరన్నారుగా. ఆ సీసపు తలుపు ఆయన చేత్తోనే మూయించి, తెరిపించి చూపించమనండి. తలుపు తెరిస్తే ఎర్ర దీపం ఆరిపోవడం ఒకసారి ఆయన కళ్ళారా చూస్తే నేను ఇంత వ్రాయనక్కరలేకపోయేది.

అమ్మాయీ, ఆర్నెల్లు పోయాక నాకొక చీటీ వ్రాయి, ఈసారి అమ్మ కవరులో దూర్చకుండా. బెంగుళూరులో డిసెంబరు, జనవరి నెలలు మనవాళ్ళకు చలిగానే ఉంటాయి. హాస్టలు పెట్టెలో స్వెట్టరు ఒకటి పెట్టుకో.

గుంటూరు సోదరి అడిగిన చీటీపాటల వ్యవహారం వచ్చే వారం.